ప్రార్థనను పరీక్షగా మార్చకండి

సంపాదకులకు నమస్కారం.

మెదడు క్యాన్సర్ వచ్చిన ఫలానా ఆయనకు కేవలం నమ్మకంతోనే నయమైపోయిందంటూ పత్రికల్లో అప్పుడప్పుడూ కథనాలు వస్తుంటాయి. మా అన్నయ్యకూ మెదడు క్యాన్సరే కాబట్టి అలాంటిది అచ్చయిన రోజు మా ఇంట్లో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. చుట్టాలు, స్నేహితులు, ఎప్పుడో కలిసి చదువుకున్నవాళ్లు కూడా ఆ ముక్కే ఫొటో తీసి పంపిస్తారు. వాళ్లది ప్రేమే, కాదనను. కానీ ఆయనకు వచ్చిన కణితి ఏ రకం, ఏ గ్రేడు (అంటే ఎంత తీవ్రమైనది), ఆపరేషన్ చేశారా, రేడియేషన్ ఇచ్చారా అన్నది అందులో ఎక్కడా ఉండదు. మెదడు కణితుల్లో వందకు పైగా రకాలున్నాయి. మెదడు పైపొరల్లో వచ్చే మెనింజియోమా కణితుల్లో ఎక్కువ శాతం అసలు క్యాన్సరే కాదు, మా అన్నయ్యకు వచ్చిన గ్లియోబ్లాస్టోమా మాత్రం గ్రేడ్ 4, అంటే అన్నిటికన్నా తీవ్రమైన గ్రేడు. రెండిటినీ ఒకే గాటన కట్టి "ఆయనకు తగ్గింది కదా" అంటే మేం ఏం చెప్తాం?

మాదీ దేవుణ్ణి నమ్మే ఇల్లే. ఈ జబ్బుకు 2005 నుంచి ప్రధాన చికిత్స దాదాపు ఒకటే: తీయగలిగినంత కణితి తీసేసి, ఆరు వారాలు రేడియేషన్, దాంతో పాటే టెమోజోలమైడ్ అనే కీమో మాత్రలు, ఆ తర్వాత 28 రోజులకు ఒకసారి ఐదేసి రోజులు మళ్లీ అవే మాత్రలు. ఆ ఏడాది వచ్చిన అధ్యయనంలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో రెండేళ్లకు నూటికి పది మంది మిగిలితే, మాత్రలు కూడా వాడినవాళ్లలో ఇరవై ఆరు మంది ఉన్నారు. ఎక్కువేం కాదు, తెలుసు. ఆ ఇరవై ఆరు మందిలో మావాడు ఎందుకు ఉండకూడదు అన్నదే మా ఆశ. అమ్మ రోజూ దేవుడి ముందు కూర్చునేది దీనికోసమే, మాత్ర టైముకు లేచేదీ ఆవిడే.

రేడియేషన్ అయ్యాక తీసిన మొదటి ఎమ్మారైలో మచ్చ పెద్దదైనట్టు కనిపించింది. అది కణితి పెరగడమో, రేడియేషన్ వల్ల వచ్చిన వాపో మొదటి మూడు నెలల్లో ఒక్క స్కాన్‌తో తేల్చడం కష్టం, మందు ఆపకుండా కొన్నాళ్లాగి మళ్లీ తీద్దాం అన్నారు డాక్టరు. సరిగ్గా ఆ టెన్షన్‌లో ఉండగా దగ్గరి బంధువొకాయన మంచం పక్కన కూర్చుని "నీలో నమ్మకం తగ్గింది, అందుకే ఇలా అయింది" అనేసి వెళ్లాడు. మెదడు వాపుకు ఇచ్చే స్టెరాయిడ్‌తో అన్నయ్యకు ఎలాగూ నిద్ర పట్టదు, ఉన్నట్టుండి కోపం వస్తుంది. కణితి వల్ల ఒక మాట బదులు ఇంకోటి వస్తుంది. కళ్లజోడు కావాలంటే "తాళం ఇవ్వమ్మా" అంటాడు, అమ్మ సరిదిద్దకుండా కళ్లజోడే అందిస్తుంది. ఆ రాత్రి మాత్రం మాట తడబడలేదు. "నేను సరిగ్గా దండం పెట్టుకోవట్లేదామ్మా?" అని అడిగాడు. జబ్బు చాలదన్నట్టు ఈ నేరం కూడా మోయాలా ఆ మనిషి?

2006లో అమెరికాలో గుండె బైపాస్ చేయించుకున్నవాళ్ల మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. తమ కోసం ఎవరో ప్రార్థిస్తున్నారని ముందే తెలిసినవాళ్లలో ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు కాస్త ఎక్కువే కనిపించాయి. ఎందుకో ఎవరూ తేల్చలేదు. అమ్మకు చెప్తే "అయితే నేను చేస్తున్నానని వాడికి చెప్పకు" అంది, అంతే, మానలేదు. ఆ బంధువు మళ్లీ వచ్చి మాత్రలు మానేసి చూడమన్నప్పుడు కూడా గొడవ పడలేదు. "ఈ రాత్రి రెండు గంటలు వాడి దగ్గర కూర్చో నాయనా, నేను కాస్త నడుం వాలుస్తా" అంది. పాపం, కూర్చున్నాడు కూడా.

నమ్మకం గురించి రాయొద్దని నేను అనను. రాసినప్పుడు జబ్బు పేరు, గ్రేడు, తీసుకున్న చికిత్స కూడా వెయ్యండి. చోటుంటే ఇంకో రెండు లైన్లు: ఇలాంటివాళ్లకు ఫిట్స్ వస్తే నోట్లో ఏదీ పెట్టకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే అంబులెన్స్ పిలవాలి. మొదటిసారి వచ్చినప్పుడు ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఇట్లు
ఒక పాఠకురాలు