శిక్షణ తరగతిలో ఆటకు ఒక పని ఉండాలి

సంపాదకులకు,

డ్వాక్రా సంఘాలకు, అంగన్వాడీ కార్యకర్తలకు, నీటి సంఘాల రైతులకు, టీచర్లకు శిక్షణ తరగతులు పెట్టేవారికి ఒక విన్నపం. తరగతి మొదట్లో ఆడించే ఆటను పొద్దుపుచ్చే పనిగా చూడకండి. వచ్చినవాళ్లు రోజంతా నోరు విప్పుతారా, గోడకు ఆనుకుని కూర్చుంటారా అన్నది చాలావరకు ఆ మొదటి ఇరవై నిమిషాల్లోనే తేలిపోతుంది.

ఎక్కువ చోట్ల కనిపించేది ఒకటే పద్ధతి: ఒక్కొక్కరూ లేచి పరిచయం చేసుకోవడం. 40 మందికి తలా నిమిషంన్నర వేసుకుంటే గంట గడిచిపోతుంది. తన వంతు వచ్చేదాకా ఏం చెప్పాలా అన్న కంగారు, అయ్యాక కునుకు. పైగా ఇంటిపేరుతో సహా చెప్పమంటారు. మన గోదావరి జిల్లాల్లో ఇంటిపేరు, ఊరు కలిపి చెబితే కులమేదో సగం మందికి తెలిసిపోతుంది. టీ వేళకల్లా ఎవరి గుంపు వాళ్లదే. పెళ్లయిందా, పిల్లలెంతమంది అని అడగడమూ తప్పే. భర్త పోయినావిడ, పిల్లలు లేనావిడ ఆ గదిలోనే ఉండొచ్చు. పిలిచే పేరు, చేతనైన ఒక పని చాలు. వల అల్లడమో, పూతరేకులు చుట్టడమో, మోటారు బాగుచేయడమో ఏదైనా సరే. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి చెరో రెండు నిమిషాలు మాట్లాడుకోనిచ్చి, ఆవిడ గురించి ఈవిడ, ఈవిడ గురించి ఆవిడ ఒక్క వాక్యం చెబితే 40 మందికీ పావుగంట పట్టదు.

ఇంతకంటే బాగా పనిచేసేది నేలమీద గోదావరి. ఇరవై అడుగుల చదరం ఖాళీ చేసి, పైన అడ్డంగా ఒక గీత గీయండి. అది ధవళేశ్వరం ఆనకట్ట. దాని కింద నది పాయలు: తూర్పుకు గౌతమి, పడమరకు వశిష్ఠ, వశిష్ఠలోంచి కోనసీమలోని పి.గన్నవరం దగ్గర చీలే వైనతేయ, అడుగున సముద్రం. సిమెంటు నేలకు సుద్దముక్క చాలు. మట్టినేల అయితే కొబ్బరితాడు పరవాలి. ముందుగా నాలుగు ఊళ్ల పేర్లు కాగితాల మీద రాసి పెట్టకపోతే జనం దిక్కు తెలియక తికమకపడతారు. రాజోలు వశిష్ఠకూ వైనతేయకూ నడుమ, అమలాపురం వైనతేయకూ గౌతమికీ నడుమ, నరసాపురం వశిష్ఠకు పడమట, రామచంద్రపురం గౌతమికి తూర్పున ఉండాలి. ఇక ఎవరి ఊరు ఎక్కడుందో అక్కడ నిలబడమనండి. "మీరు ఇంకాస్త దిగువకు రావాలండీ" అంటూ వాళ్లలో వాళ్లే మాట కలుపుతారు. శిక్షకులు మధ్యలో దూరి సరిదిద్దకూడదు, ఆ వాదనే పరిచయం. పది నిమిషాల్లో అయిపోతుంది.

నీటి వాడకం మీద తరగతి అయితే అక్కడినుంచి చింతగింజల ఆటలోకి వెళ్లవచ్చు. 12 మందిని వరసగా కూర్చోబెట్టండి. మొదటివారు కాలువ తల, చివరివారు శివారు. గింజలే నీళ్లు. గిన్నెలో సరిగ్గా 60 గింజలు వేసి తువ్వాలు కప్పి, తలనుంచి శివారుకు పంపండి, ఎవరికి కావలసినన్ని వాళ్లు తీసుకుంటారు. పంట పండాలంటే ఒక్కొక్కరికి కనీసం 4 గింజలు ఉండాలని మాత్రం చెప్పండి. మొత్తం ఎన్నో చెప్పకండి, చెబితే లెక్కలు వేసుకుంటారు. అందరికీ కావలసింది 48, మిగులు 12. అయినా "ఎందుకైనా మంచిది" అని మనిషికి 6 తీస్తే పదో మనిషి దగ్గరే గిన్నె ఖాళీ, చివరి ఇద్దరికీ ఏమీ ఉండదు. రెండో ఆటకు ముందు మొత్తం ఎన్నో చెప్పి మూడు నిమిషాలు మాట్లాడుకోనివ్వండి. మూడో ఆటలో తలవాళ్లను శివారుకు, శివారువాళ్లను తలకు మార్చండి. నీరు తక్కువైన దాళ్వాలో, అంటే రెండో పంటకు, వంతులు ఎందుకు పెడతారో అప్పుడు ఉపన్యాసం అక్కర్లేకుండా తెలుస్తుంది. ఇందులో చెడేది రెండుచోట్ల. తువ్వాలు లేకపోతే పదిమంది చూస్తున్నారని మొహమాటపడి తక్కువ తీస్తారు, ఆట అబద్ధమవుతుంది. ఎక్కువ తీసినవాళ్లను శిక్షకులు వేలెత్తి చూపితే ఆ మనిషి ఆ రోజుకు మళ్లీ మాట్లాడరు. తలన ఎవరున్నా అంతే తీస్తారని, కూర్చున్న చోటే అలా చేయిస్తుందని మూడో ఆట చూపించాలి.

జట్టుపనికి పీటర్ స్కిల్‌మన్ అనే డిజైనర్ తయారుచేసిన గోపురం ఆట పేరున్నది, ఎవరి గోపురం ఎక్కువ ఎత్తుగా నిలిస్తే వాళ్లది గెలుపు. నలుగురి జట్టుకు స్పఘెటీ అనే సేమ్యా లాంటి 20 ఎండు పుల్లలు, గజం టేపు, గజం దారం, కొసన నిలపడానికి మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి, 18 నిమిషాల గడువు. ఇక్కడ వాటికి బదులు కొబ్బరి ఈనెలు, నిమ్మకాయ సరిపోతాయి. పచ్చి ఈనెలు వంగిపోతాయి, ఎండినవే ఇవ్వండి. నిమ్మకాయ ఆ మిఠాయి కంటే బాగా బరువు గనుక రెండేసి ఈనెలు కలిపి కట్టుకునేలా 30 ఇవ్వాలి. చాలా జట్లు చివరి నిమిషంలో కాయ పెట్టి గోపురం కూలగొట్టుకుంటాయి. మొదటినుంచీ పెట్టి చూసుకున్నవాళ్లది నిలుస్తుంది.

గుండ్రంగా నిలబడి ఎదుటివాళ్ల చేతులు అడ్డదిడ్డంగా పట్టుకుని, వదలకుండా ఆ చిక్కు విడదీసే ఆట మాత్రం ఆలోచించి పెట్టండి. ఆడా మగా కలిసిన తరగతిలో పరాయివాళ్ల చేతులు పట్టుకోవడం చాలామందికి ఇబ్బంది. మధ్యలో చేతిరుమాలు ఇచ్చి రెండు కొసలూ పట్టుకోమంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. మనుషులు ఎనిమిది నుంచి పదిమంది చాలు. కొన్ని చిక్కులు అసలు విడవవు, ఒక్కోసారి రెండు వలయాలుగా తేలతాయి. అప్పుడు ఒక జత చేతులు వదిలించేయండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను బయట నిలబెట్టి దారి చెప్పే పని ఇవ్వండి.

భోజనం తర్వాత ఉక్కపోతలో పరుగులు వద్దు. ఒకటి నుంచి వరసగా తలా ఒక అంకె చెబుతూ, ఏడో ఎక్కం అంకెలు వచ్చినప్పుడు చప్పట్లు కొట్టే లెక్క చాలు. తప్పినవాళ్లను "అవుట్" అని కూర్చోబెట్టకండి. లెక్క సరిగా రానివాళ్లే ముందు బయటికి వెళతారు, వాళ్లకే ఈ తరగతి ఎక్కువ అవసరం. తప్పు వస్తే అందరూ ఒకటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

కార్యక్రమ పత్రం వేసేటప్పుడే ఆటకు 20 నిమిషాలు, దాని మీద మాట్లాడుకోవడానికి మరో 10 నిమిషాలు రాయండి. ఆ పది నిమిషాలనే అందరూ కోస్తున్నారు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మన ఊళ్లో ఇలాంటిది ఎక్కడుంది అని అడగకుండా వదిలేస్తే గింజలు గింజలుగానే మిగులుతాయి. అతిథుల ప్రసంగాలు ఆట కంటే ముందు పెట్టకండి, భోజనానికి ముందు పెట్టుకోవచ్చు.

— ఒక శిక్షకురాలు, కోనసీమ