తోడల్లుడికి ఒక ధర, మీకు ఒక ధర: జరిగింది ఇదీ

ఆటోనగర్‌లోని మన పాత కార్ల దుకాణంలో రెండు ధరలు నడుస్తున్నాయట అన్న మాట నా చెవిన పడి నెల దాటింది. ఇంకా పదిమంది నోళ్లలో నానకముందే నేనే చెబుతున్నాను. అవును, ఒక బండి విషయంలో నడిచాయి.

ఆ తెల్ల స్విఫ్ట్ డీజిల్ మీలో చాలామందికి తెలుసు. 2017 మోడల్, 91,000 కిలోమీటర్లు, నా సొంత వాడకం బండి. మారుతి 2020లో డీజిల్ కార్లు ఆపేసినా వాటిని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. మన పాత ఖాతాదారు ఒకాయన మార్చిలో 3,75,000 ఇస్తానన్నారు. 3,90,000కు రూపాయి కూడా తగ్గదని బిగుసుకుని కూర్చున్నాను. మూడు వారాలు తిరగకుండా అదే బండిని మా తోడల్లుడికి 3,25,000కు ఇచ్చాను. అది తెలిసిన రోజు నుంచి ఆ ఖాతాదారు ఈ వీధిలోకే రావడం లేదు.

అయినవాళ్లకు బండి అమ్మేటప్పుడు ధర ఎలా కట్టాలో నాకు తెలియక కాదు. ఈ స్విఫ్ట్‌ను నాలాంటి వ్యాపారి కొంటే 3,40,000 ఇస్తాడు. బయటివాళ్లకు బేరమాడి అమ్మితే 3,90,000 వస్తుంది. ప్రకటనల్లో 4,20,000 అని కూడా కనిపిస్తుంది కానీ, అది అడిగే ధర. ఆ ధరకు ఎవరూ కొన్న పాపాన పోలేదు. 3,40,000కూ 3,90,000కూ మధ్యలో ఉన్న 50,000 వ్యాపారి లాభం, అద్దె, మరమ్మతులు. చుట్టం దగ్గర ఆ యాభైని చెరిసగం చేసుకుంటే ఇద్దరికీ న్యాయం: 3,65,000. క్లచ్ అరుగుతోందని నాకు తెలుసు కాబట్టి ఇంకో 15,000 తీశాను. 3,50,000 అని కాగితం మీద రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. అక్కడ ఆగాల్సింది.

మా అత్తగారు ఫోను చేశారు. "మనింటి బండి మనింట్లోనే ఉంటుంది కదా నాయనా" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఇద్దరు అల్లుళ్లున్న ఇల్లు ఎరిగినవాళ్లకు ఆ మాట బరువు తెలుస్తుంది. చిన్నల్లుడు డబ్బు మనిషి అనిపించుకోలేక మరో 25,000 వదులుకున్నాను. దాన్ని ఉదారత అనకండి. గొప్పకు పోయాను, అంతే.

తగ్గించడం కన్నా పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. క్లచ్ సంగతి మా తోడల్లుడికి నోటిమాటగా కూడా చెప్పలేదు. తగ్గించినదంతా ప్రేమకొద్దీ అని ఆయన అనుకుంటుంటే, అనుకోనిచ్చాను. జూన్‌లో ఒంగోలు నుంచి పిల్లాపాపలతో శ్రీశైలం బయలుదేరితే దోర్నాల ఘాట్‌లో బండి మొరాయించింది. ఇంజన్ అరుస్తోంది, చక్రం కదలదు, లోపలంతా కాలిన వాసన. విప్పి తీసిన క్లచ్ ప్లేటు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. లైనింగ్ రివెట్ల దాకా అరిగిపోయింది. గోరుతో గీస్తే నల్లటి పొడి రాలుతుంది.

అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో అని ఒంగోలులో నన్ను అంటున్నారు. ఇక్కడ మీరు సరిగ్గా దాన్ని తిరగేసి అంటున్నారు. రెండూ ఒక్క బండి మీదే! నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు బీమాలో వచ్చే తగ్గింపు, బండితో పాటు రాలేదని మా తోడల్లుడికి ఇంకో కోపం. అది బండిది కాదు, పాలసీ ఉన్న మనిషిది. అమ్మినా నాతోనే ఉంటుంది. ఆ నిబంధన పెట్టింది నేను కాదు.

ఈ గొడవల్లో పడి ఇద్దరు ఖాతాదారుల ఫారం 29, 30 కాగితాలు, అంటే బండిని కొన్నవాళ్ల పేరు మీదికి మార్చేవి, ఆలస్యం చేశాను. ఇప్పుడు పూర్తయ్యాయి, క్షమించండి. ఇకమీదట ప్రతి బండి అద్దం మీద ఒకే ధర రాసి ఉంటుంది, మా అత్తగారు వచ్చినా అదే. చుట్టాలకు పెట్టాలనిపిస్తే ఇంట్లో, నా జేబులోంచి పెడతాను. బండిలో ఉన్న లోపాలు, టైర్లు తయారైన వారం, సంవత్సరంతో సహా కాగితం మీద రాసి, ఇద్దరం సంతకాలు పెట్టాకే తాళం చేతికిస్తాను.

ఆ పాత ఖాతాదారుకు ఒక మాట. 3,90,000 తప్పు ధర కాదు, ఇప్పటికీ అదే అంటాను. "రూపాయి తగ్గదు" అన్నది మాత్రం అబద్ధమైంది. అందుకు సిగ్గుపడుతున్నాను. వచ్చి నాలుగు మాటలు అనేసి వెళ్లినా పడతాను.

కొత్త క్లచ్‌కు 16,400 అయింది. మా తోడల్లుడికి సగం పంపాను. మిగతా సగం ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు. సంక్రాంతికి ఇద్దరం ఒకే అరుగు మీద కూర్చోవాలి.