సముద్రం ఒడ్డున ఇల్లు: జీతగాళ్ల లెక్క

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా సొంతిల్లు కొనుక్కోవడం జీతం మీద బతికే కుటుంబానికి తగిన పనేనా అన్న ప్రశ్న రెండేళ్లుగా మా ఇంట్లో నలుగుతోంది. ఇది మా ఒక్క ఇంటి వ్యవహారమే అయితే మీ పత్రికలో చోటు అడిగేవాణ్ణి కాదు. నాతో పాటు కాలేజీలో పాఠాలు చెప్పేవారూ, నా భార్యతో పాటు ఆసుపత్రిలో నర్సులుగా పనిచేసేవారూ చాలామంది ఇదే లెక్క వేసుకున్నారు. వారిలో కొందరు పెద్ద అప్పులోకి దిగారు, కొందరు పెందుర్తి, కొత్తవలస వైపు వెళ్లిపోయారు, మాలాంటివాళ్లం అద్దె ఇళ్లలోనే ఉండిపోయాం. అందుకే దీన్ని నగరం మొత్తం ఆలోచించవలసిన విషయంగా భావించి రాస్తున్నాను.

మేము పెదవాల్తేరులో 14 ఏళ్లుగా అద్దెకుంటున్నాం. కిందటి వేసవిలో సాగర్‌నగర్ దాటాక ఒక అపార్టుమెంటులో రెండు పడకగదుల ఫ్లాటు చూశాం. 1,250 చదరపు అడుగులు, 88 లక్షల రూపాయలు అన్నారు. మా బావమరిది టేపు పట్టుకుని గదులన్నీ కొలిస్తే గోడల మధ్య మనం కాలు పెట్టగలిగిన చోటు 870 అడుగులే తేలింది. మిగిలినదంతా మెట్లూ, లిఫ్టూ, వరండాలూ కలిపి వేసిన లెక్క. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకోగలిగిన చోటు, ఏమిటో స్పష్టంగా నిర్వచించింది, ప్రాజెక్టు వివరాల్లో దాన్ని తప్పనిసరిగా చూపాలని కూడా చెప్పింది. అయినా బేరం ఇప్పటికీ కామన్ ఏరియా కలిపిన అడుగుల మీదే నడుస్తోంది. ఆ ఫ్లాటు కొనాలంటే స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం చొప్పున 6 లక్షల 60 వేలు అదనం. చేతిలో ఉన్నదీ, నా భార్య నగల మీద వచ్చేదీ పోగా 60 లక్షలు బ్యాంకు అప్పు తీసుకోవాలి. ఎనిమిదిన్నర శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెల కిస్తీ 52 వేల పైచిలుకు వస్తుంది. తొలి నెల కిస్తీలో 42,500 వడ్డీకే పోతుంది, అసలుకు జమయ్యేది దాదాపు తొమ్మిదిన్నర వేలు. అదే అపార్టుమెంటులో, అదే కొలతల ఫ్లాటును 22 వేలకు అద్దెకిస్తున్నారని కాపలాదారు చెప్పాడు.

అద్దె కట్టడం బూడిదలో పోసిన పన్నీరని మా పెద్దలు ఇప్పటికీ అంటారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు, ఎందుకంటే వాళ్ల కాలంలో అది నిజమే. మా మేనమామ ఎంవీపీ కాలనీలో వుడా (విశాఖపట్నం పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుటులో స్థలం తీసుకుని, ఏళ్ల తరబడి చిన్న చిన్న వాయిదాలు కట్టి, ఒక్కొక్క గదీ వేసుకుంటూ వచ్చారు. ఈ రోజు ఆ నేల విలువ మా కుటుంబంలో ఎవరి జీవితకాలపు సంపాదనకన్నా ఎక్కువ. అయితే ఆయన కొన్నది నేల. మేము కొనబోయింది అయిదో అంతస్తులో నాలుగు గోడలు, దానితో పాటు దస్తావేజులో రాసే, నేలలో 38 గజాల ఉమ్మడి వాటా. పెరిగేది నేల విలువ, ఏటేటా తరిగేది కట్టడం. సముద్రపు గాలి తగిలే చోట ఆ తరుగుదల ఎంత వేగంగా ఉంటుందో మేము కళ్లారా చూశాం.

మేమున్న ఇంట్లో స్నానాలగది పైకప్పు నుంచి ఒక రోజు అరచేతి మందాన పెచ్చు ఊడిపడింది. అదృష్టం కొద్దీ అప్పుడు లోపల ఎవరూ లేరు. నిచ్చెన వేసుకుని చూస్తే ఇనుప చువ్వ పొరలు పొరలుగా ఉబ్బి ఉంది, వేలితో గీకితే ఎర్రటి పొడి రాలింది. గాలిలోని ఉప్పు కాంక్రీటు సందుల్లోంచి దిగి చువ్వను చేరుతుందనీ, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుందనీ బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీ చూపించి చెప్పాడు. చువ్వకూ స్లాబు అంచుకూ మధ్య కవరు, అంటే కాంక్రీటు మందం, ఎంత వదిలారన్నదే ఒడ్డున కట్టే ఇంటికి ప్రాణమట. సాగర్‌నగర్ ఫ్లాటు చూసినప్పుడు మేము ఈ ప్రశ్నే అడిగాం, అమ్మేవారి దగ్గర జవాబు దొరకలేదు. బోరు నీళ్లు నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉన్నాయి. తాగునీటికి కార్పొరేషన్ కనెక్షన్ వస్తుందన్నారు గానీ ఎప్పుడన్నది చెప్పలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు మేము పెదవాల్తేరులోనే ఉన్నాం. గంటకు 170, 180 కిలోమీటర్ల వేగంతో వీచిన ఆ గాలికి మా కిటికీ తలుపులు చెక్కలతో సహా ఊడిపోయాయి. పిల్లల్ని మంచం కిందకి చేర్చి, నేనూ నా భార్యా పరుపును తలుపుకు అడ్డం పెట్టి సాయంత్రం దాకా నిలబడ్డాం. మరునాడు బీచ్ రోడ్డు వైపు వెళ్తే నిలబడి ఉన్న చెట్టు కనిపించలేదు. అద్దె ఇల్లు కాబట్టి బాగుచేయించే భారం యజమాని మీద పడింది. అప్పు తీసుకుని కొన్న ఇల్లయితే కిస్తీ కడుతూనే ఆ ఖర్చు కూడా మేమే మోయవలసి వచ్చేది. కొనే ముందు బీమా గురించి ఆలోచించిన ఇల్లు మా ఎరుకలో ఒక్కటీ లేదు.

ఇంత చెప్పినా సముద్రం పక్కన బతకడం విలువైనది కాదని నేను అనను. మా నాన్నగారు 78 ఏళ్ల వయసులో, మోకాళ్ల నొప్పులతో కూడా, తెల్లవారుజామున వాహనాలు ఆపేసిన బీచ్ రోడ్డు మీద కర్ర పట్టుకుని నడిచి వస్తారు. పెదజాలరిపేట దగ్గర తెప్పలు ఒడ్డుకు చేరే వేళకు అక్కడ నిలబడి, వలలో ఏం పడిందో చూసి, ఇంటికొచ్చి అమ్మకు చెబుతారు. ఆయన ఆరోగ్యానికి మేము చేయగలిగిన మేలు ఇంతకన్నా లేదు. కానీ ఈ మేలు మాకు దక్కుతున్నది అద్దె ఇంటి నుంచే. మాకు కావలసింది సముద్రానికి దగ్గరగా ఉండటం. ఆ దగ్గరితనానికి 20 ఏళ్ల జీతాన్ని తాకట్టు పెట్టడం ఒక్కటే మార్గం కాకూడదన్నది నా వాదన.

ఒకప్పుడు ఈ నగరంలో అది ఒక్కటే మార్గం కాదు కూడా. పోర్టు, రైల్వే, షిప్‌యార్డు, ఆ తర్వాత ఉక్కు కర్మాగారం, ఇవన్నీ ఉద్యోగంతో పాటు క్వార్టరు ఇచ్చాయి. ఉక్కునగరం వంటి ఊరినే కట్టి, బడీ ఆసుపత్రీ పార్కులూ సమకూర్చారు. 1978లో ఏర్పడిన వుడా మధ్యతరగతికి లేఅవుట్లు వేసింది. ఇప్పుడు వచ్చే ఉద్యోగాలకు క్వార్టర్లు లేవు. 2025లో టీసీఎస్‌కు రుషికొండ ఐటీ కొండ మీద 21 ఎకరాలకు పైగా భూమిని 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయించారు. ఉద్యోగాల కోసం అలా ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను, మా అబ్బాయి కూడా రేపు అక్కడే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ ఆ ఉద్యోగి ఎక్కడ ఉండాలి, ఆ ఆఫీసు ఊడ్చే మనిషి ఎక్కడ ఉండాలి అన్నది కూడా భూమి ఇచ్చేటప్పుడే తేల్చవలసిన విషయం. అది తేల్చకపోతే ప్రతి ప్రకటనా మాలాంటివాళ్ల మీద భారమే అవుతుంది. 2019 డిసెంబరులో విశాఖను పరిపాలనా రాజధాని అన్నారు, మా వీధిలో స్థలాల ధరలు లేచాయి. ఆ మాట వెనక్కి పోయింది, ధర మాత్రం దిగలేదు. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఒకసారి, 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన చూపి మరోసారి మా ఇంటి యజమాని అద్దె పెంచారు. పదకొండు నెలల ఒప్పందం ముగిసే ప్రతిసారీ పిల్లల బడి మార్చవలసి వస్తుందేమోనన్న దిగులు మమ్మల్ని వదలదు. అప్పులోకి దిగిన మా సహోద్యోగుల్లో ఎక్కువమంది ఇల్లు మీద మోజుతో కాక ఈ దిగులు భరించలేకే దిగారని నాకు తెలుసు.

కాబట్టి నా విన్నపం వుడా స్థానంలో వచ్చిన వీఎంఆర్‌డీఏకూ, రాష్ట్ర ప్రభుత్వానికీ. మధురవాడ, ఎండాడ, కాపులుప్పాడ వైపు ఇంకా ప్రభుత్వం చేతిలో మిగిలిన భూమిలో కొంత భాగాన్ని అమ్మకానికి పెట్టకుండా, అద్దెకు మాత్రమే ఇచ్చే ఇళ్ల కోసం విడిగా ఉంచాలి. ఆ ఇళ్లకు అయిదేళ్లకు తక్కువ కాని ఒప్పందం, ఏటా ఇంతకు మించి పెంచకూడదన్న హద్దు రాతపూర్వకంగా ఉండాలి. సంస్థలకు భూమి ఇచ్చేటప్పుడు అందులో పనిచేసే చిన్న జీతగాళ్ల వసతి కూడా షరతుల్లో చేరాలి. అమ్మకపు ప్రకటనల్లో కార్పెట్ ఏరియా మీద అడుగు ధర ఎంతో పెద్ద అక్షరాల్లో వేయించాలి. ఇవి ఏర్పడేదాకా, దూరంగా వెళ్లిపోయినవారి కోసం రాత్రి పూట బస్సులు పెంచడం ఆర్టీసీకి రేపే సాధ్యమయ్యే పని.

నా భార్యతో పనిచేసే ఒక సిస్టర్ నాలుగేళ్ల కిందట చినవాల్తేరులో అద్దె కట్టలేక కొత్తవలసకు మారారు. సాయంత్రం డ్యూటీ దిగేసరికి ఎనిమిది దాటుతుంది, ఆమె ఇల్లు చేరేసరికి పది. ఇద్దరు పిల్లలు అప్పటికి నిద్రపోతుంటారు. తెల్లవారుజామున అయిదింటికి లేచి వాళ్లకు క్యారేజీలు కట్టి మళ్లీ బస్సెక్కుతారు. పనిచేసే ఆసుపత్రి సముద్రానికి అంత దగ్గరలో ఉన్నా, ఆ నాలుగేళ్లలో పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్లింది రెండుసార్లేనని ఆమె మా ఇంట్లో కూర్చుని చెప్పారు.

ఇట్లు,
ఒక ప్రైవేటు కళాశాల అధ్యాపకుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం.