భరతమాత చేతుల్లో ఏముందో విద్యార్థులకు తెలియజేయండి

గౌరవనీయులైన కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు.

స్వాతంత్ర్య దినోత్సవ చిత్రలేఖన పోటీలలో భరతమాత బొమ్మ లేని ఏడాది ఉండదు. చాలావరకు ఆ బొమ్మలలో కిరీటం, పక్కన సింహం, వెనుక దేశపటం, చేతిలో జెండా కనిపిస్తాయి. పిల్లల భక్తిని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ గుర్తులను ఎందుకు ఎంచుకున్నారని వారిని ఎవరూ అడగకపోవడం నన్ను బాధిస్తోంది.

1905లో, బెంగాల్ విభజనపై ప్రజలు రగిలిపోతున్న రోజుల్లో, అవనీంద్రనాథ్ ఠాగూర్ ఈ తల్లిని నీటిరంగులలో చిత్రించారు. ఆమె కాషాయ వస్త్రాలు ధరించిన సాధ్వి. తల వెనుక కాంతివలయం, పాదాల చెంత పద్మాలు. నాలుగు చేతులలో పుస్తకం, వరికంకులు, తెల్లని వస్త్రం, జపమాల ఉన్నాయి గాని ఒక్క ఆయుధమైనా లేదు. పరాయి పాలనలో నలిగిన ప్రజలకు స్వరాజ్యం ఏమివ్వాలో, అంటే చదువు, తిండి, బట్ట, ఆత్మబలం, ఆ చిత్రకారుడు ఉపన్యాసంతో పని లేకుండా చెప్పారు. స్వదేశీ ఉద్యమం విదేశీ వస్త్రాన్ని బహిష్కరిస్తున్న ఆ కాలంలో తల్లి చేతిలోని బట్ట ఎంత బరువైన మాటో నేటి విద్యార్థికి ఎవరైనా వివరిస్తేనే తెలుస్తుంది.

ఆయన శిష్యుడు నందలాల్ బోస్ 1938లో హరిపుర కాంగ్రెస్ మహాసభ కోసం, గాంధీజీ కోరికపై, మరో దారి తొక్కారు. డోలు వాయించేవారిని, చేతిపనివారిని, పల్లె శ్రమజీవులను పటాలుగా గీసి సభాప్రాంగణంలో నిలిపారు. అక్కడ దేశానికి ప్రతీక దేవతామూర్తి కాదు, పనిచేసే మనిషి. నా దృష్టిలో ఇది మొదటి దానికి విరుద్ధం కాదు, దాని కొనసాగింపే.

అందువల్ల, కోల్‌కతా విక్టోరియా మెమోరియల్‌లోని భరతమాత చిత్రానికీ, హరిపుర పటాలకూ నాణ్యమైన ప్రతులను, ప్రతి గుర్తునూ తెలుగుతో సహా అన్ని భారతీయ భాషలలో వివరించే చిన్న పాఠంతో, పాఠశాలలకు పంపించవలసిందిగా కోరుతున్నాను. మీ శాఖ నిర్వహించే పోటీలలో బొమ్మతో పాటు, తాను వేసిన ప్రతీకలకు అర్థం చెబుతూ విద్యార్థి నాలుగు వాక్యాలు రాయాలనే నియమం పెట్టండి. ఆ వాక్యాలకూ మార్కులు కేటాయించండి. సింహాన్నే గీయాలనుకున్న బిడ్డ సింహాన్నే గీయవచ్చు, కారణం మాత్రం తన మాటల్లో చెప్పాలి.

భవదీయుడు,
ఒక చిత్రకళాభిమాని