మాల్యాద్రి అనే పేరు గురించి బావకో ఉత్తరం

కందుకూరు,
శనివారం

బావా,

మగపిల్లాడు పుట్టాడన్న కబురు విని అందరం సంతోషపడ్డాం. దాని వెనకే నువ్వు రాసిన గోడు కూడా చదివా. అత్తమ్మేమో మొక్కుకున్నాను, మాల్యాద్రి అనే పెట్టాలంటుంది. చెల్లెమ్మేమో బెంగళూరులో ఆ పేరు ఎవరికి నోరు తిరుగుద్ది అంటుంది. మధ్యలో నువ్వు గమ్మున ఉండి తీర్పు నా మీదకి నెట్టావు. సరే, ముందే చెప్తున్నా: పెట్టు. ఈ పేరుతో వచ్చే చిక్కులు పేరులోవి కావు, దాన్ని కాగితం మీద ఎక్కించడంలోవి. అవి తప్పించుకునే దారి కూడా రాస్తా, ఓపిగ్గా చదువు.

మాల్యం అంటే పూలదండ, అద్రి అంటే కొండ. మాల్య, అద్రి కలిస్తే సవర్ణదీర్ఘ సంధి, మాల్యాద్రి. దాన్నే తెలుగులో అంటే మాలకొండ. అంటే మాల్యాద్రి, మాలకొండయ్య, మాలకొండారెడ్డి, మాలకొండమ్మ అందరూ వలేటివారిపాలెం మండలంలోని ఆ ఒక్క కొండ పిల్లలే. విష్ణుమూర్తి మెడలో వనమాలే కొండగా వెలిసిందనీ, అక్కడ అగస్త్యుడు తపస్సు చేస్తే నరసింహస్వామి ప్రత్యక్షమయ్యాడనీ స్థలపురాణం. గుడి శనివారం ఒక్కరోజే తీస్తారు. మిగతా ఆరు రోజులూ దేవతలూ ఋషులూ పూజ చేసుకుంటారని నమ్మకం.

చెల్లెమ్మకి ఎవరో 'అది రాక్షసుడి పేరు' అన్నారని రాశావు చూడు, ఆ మాట మాల్యవంతుడి గురించి. రామాయణంలో రావణుడి తల్లికి పెదనాన్న ఆయన. అక్షరాలు దగ్గరగా ఉన్నాయని రెండూ కలిపేశారు. ఆ మాటకొస్తే ఆ ముసలాయన కూడా సీతను తిరిగి పంపెయ్యరా అని బుద్ధి చెప్పినవాడే, అంత చెడ్డవాడేం కాదు. హంపీ దగ్గరున్న మాల్యవంతం కొండ కూడా వేరే. మనది మాల్యాద్రి.

ఇక ఎంత అరుదు అన్నది యాడ నిలబడి అడుగుతున్నావన్న దాన్ని బట్టి ఉంటుంది. కందుకూరు, పామూరు, కనిగిరి, కొండపి పల్లెల్లో పెద్ద మాల్యాద్రి, చిన్న మాల్యాద్రి అని విడదీసి పిలవాల్సినంత మామూలు పేరు. కృష్ణ దాటి గోదావరి జిల్లాలకి పో, 'ఏమిటండీ, మళ్లీ చెప్పండి' అంటారు. ఈ పేరు జిల్లా గీతని కూడా లెక్క చెయ్యదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కందుకూరు, కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లావే. ఆ ఒంగోలు జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో కందుకూరు వైపు మళ్లీ నెల్లూరులో కలిసింది. అందుకే ఇది నెల్లూరు పేరా ప్రకాశం పేరా అని వాదించేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది.

మన దగ్గర పేరు వింటే ఏ దేవుడి దగ్గర మొక్కుకున్నారో తెలిసిపోతుంది. పెంచలయ్య అంటే పెంచలకోన, అది పెనుశిల నుంచి వచ్చింది. కామాక్షయ్య అంటే జొన్నవాడ. మస్తానయ్య అంటే కసుమూరు దర్గా, హిందువుల ఇళ్లలోనూ పెట్టుకుంటారు. వెంగయ్య, వెంగమ్మ అంటే నర్రవాడ. రంగనాయకులు అంటే నెల్లూరు తల్పగిరి. మనూరి పేర్ల జాబితా చదివితే బస్సు రూటు చదివినట్టే ఉంటుంది. ఈ పేర్లు పల్లెల్లోనే ఉండిపోయాయనుకోకు. 2018లో రాష్ట్ర డీజీపీగా చేసినాయన మాలకొండయ్య, 2014లో బాపట్ల నుంచి లోక్‌సభకి గెలిచింది శ్రీరామ్ మాల్యాద్రి.

అయితే ఒక తేడా ఉంది, నీ విషయంలో అదే కీలకం. 'అయ్య'తో ముగిసే పేర్లని ఇప్పటి తల్లిదండ్రులు తాతల పేర్లు అని పక్కన పెడుతున్నారు. 'ఆద్రి'తో ముగిసేవి అట్లా పాతబడలేదు. శేషాద్రి, హిమాద్రి, నీలాద్రి ఇప్పటికీ పెడుతున్నారు. యాదగిరిగుట్టకి యాదాద్రి అన్న పేరు వాడుకలోకి తెచ్చి, 2016లో ఏకంగా జిల్లా పేరులోనే పెట్టారు, భద్రాద్రి కూడా అంతే. కాబట్టి చెల్లెమ్మ భయపడేది మాలకొండయ్య అంటే అర్థం చేసుకోవచ్చు, మాల్యాద్రికి ఆ భయం అక్కర్లేదు. అత్తమ్మ మొక్కూ తీరుతుంది, అదే కొండ కదా.

నక్షత్రం సంగతి. 'మా' అక్షరం మఖ ఒకటో పాదానిది. మఖలో వరుస మా, మీ, మూ, మే. మఖ సింహరాశిలోది, నరసింహుడి పేరుకి బాగానే కుదిరింది. మీవాడిది వేరే నక్షత్రమైతే బారసాల నాడు బియ్యంలో ఆ అక్షరంతో ఒక పేరు రాయించి, పిలిచే పేరు మాల్యాద్రి ఉంచండి. మొక్కు పేరుకి అక్షరం చూడకపోవడం మన వైపు మామూలే. న్యూమరాలజీ అని ఎవడన్నా పేరులో ఇంకో 'ఏ' ఇరికించమంటే మాత్రం ఇంటికి రానీకు. వాడు ఇరికించిన ఆ ఒక్క అక్షరంతో పిల్లాడు ముప్పై ఏళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు.

ఇప్పుడు అసలు పని. పుట్టుక నమోదు 21 రోజుల్లో జరగాలి. ఆసుపత్రిలో పుట్టాడు కాబట్టి వాళ్లే పంపుతారు, పంపారో లేదో నువ్వు అడిగి కనుక్కో. పేరు మాత్రం అప్పుడే ఇవ్వాలని లేదు. ఆ గడి ఖాళీగా వదిలేసి 12 నెలల్లోపు రుసుం లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాతైతే ఆలస్య రుసుం కట్టి 15 ఏళ్లదాకా అవకాశం ఉంది. అంటే అత్తాకోడళ్లకి ఏడాది గడువుంది, ఈ వారమే తేలిపోవాలని కొట్టుకోనక్కర్లేదు. అట్లని మరీ సాగదియ్యకు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకి బడికీ పాస్‌పోర్టుకీ ఓటుకీ పుట్టినతేదీ రుజువు ఆ సర్టిఫికెట్టే. అందులో ఏ స్పెల్లింగు పడితే అదే వాడి తలరాత.

తెలుగులో తప్పు ఎక్కడ జరుగుతుందంటే చివరి అక్షరంలో. ద్రి అని ఉండాలి, ధ్రి కాదు. ఇంగ్లీషులో 'డి హెచ్ ఆర్ ఐ' అని రాస్తారు, కంప్యూటర్ ఆపరేటరు దాన్ని చూసి తెలుగులోకి మారిస్తే మాల్యాధ్రి అవుతుంది. ఇంకొన్ని చోట్ల ల బదులు ళ పడి మాళ్యాద్రి, య వత్తు ఎగిరిపోయి మాలాద్రి. అందుకని ఇంగ్లీషులో ఎం ఏ ఎల్ వై ఏ డి ఆర్ ఐ, ఎనిమిది అక్షరాలు, అంతే. దీర్ఘం కోసం రెండు ఏలు వద్దు, హెచ్ వద్దు. ఉత్తరాది వాడు 'మల్యాడ్రి' అని చదివితే చదవనీ, నోటి తప్పు ఒకసారి చెప్తే సరిపోతుంది.

ఇనీషియల్ ఇంకా పెద్ద ఉచ్చు. మనం ఇంటిపేరుని ఒక పొడి అక్షరం చేసి ముందు తగిలిస్తాం. ఆధార్‌లో పొడి అక్షరం, బడిలో పూర్తి ఇంటిపేరు, బ్యాంకులో ఇంటిపేరు వెనక, మూడూ ముగ్గురు మనుషులైపోతారు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకి వేరే గడి, పెట్టిన పేరుకి వేరే గడి. ఒక గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో పెట్టిన పేరు దగ్గర ఎఫ్ ఎన్ యు అని, అంటే పేరు తెలియదని వేస్తారు. ఇంత మంచి పేరు పెట్టుకుని పేరు తెలియనివాడు అవడం ఎందుకు చెప్పు? పుట్టిన సర్టిఫికెట్టులోనే ఇంటిపేరు పూర్తిగా రాయించు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జన్మలో రెండుసార్లే, దాన్ని ఇట్లాంటి వాటికి ఖర్చు పెట్టకు. పదో తరగతి నామినల్ రోల్సు, అంటే పరీక్షకని బడివాళ్లు పంపే పేర్ల జాబితా, పోయేలోపు ఒకసారి అన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే చాలు, ఆ సర్టిఫికెట్టు వచ్చాక దిద్దించడం మహా కష్టం.

చెల్లెమ్మకి ఇంకో పేరు కూడా కావాలంటే దీని వెనక చేర్చండి, ముందు కాదు. ముందున్నదే బడిలో పిలుస్తారు, వెనకది రెండేళ్లకి రాలిపోతుంది. అదీగాక ఫారాల్లో గడులు లెక్కపెట్టి ఇస్తారు, పేరు పొడుగైతే చివర తెగిపోతుంది. ముద్దుపేరుకి ఆద్రి బాగుంది, చిన్నగా నోరు తిరుగుతుంది. మాల్యా అని మాత్రం కుదించొద్దు, బ్యాంకులో అప్పుకెళ్తే మేనేజరు ఉలిక్కిపడతాడు. రేపు ఆడపిల్ల పుడితే మాల్య అని పెట్టుకోవచ్చు, అప్పుడది పూలదండే.

పుట్టువెంట్రుకలు మాలకొండలోనే తియ్యాలని అత్తమ్మ ఎట్లాగూ అంటుంది. శనివారం మాత్రమే అన్నది గుర్తుంచుకుని రైలు టిక్కెట్లు శుక్రవారం రాత్రికి చెయ్యి. ఆదివారం చేరుకునేట్టు చేశావంటే మూసిన తలుపులకి దణ్ణం పెట్టుకుని రావాలి. పేరు గడి నింపే ముందు ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు, చివర పడింది ద్రినో ధ్రినో చూసి చెప్తా.

నీ బావ