చందవరం శిల్పం గుర్తుందా సార్?

పురావస్తు రికార్డుల బాధ్యత చూసే ఉన్నతాధికారి గారికి నమస్కారం.

మన శిల్పాల ఫోటోలు, కొలతలు ఆన్‌లైన్‌లో పెట్టమని మీకు రెండుసార్లు లేఖ రాశాం, జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురి ముందు రాస్తున్నాను.

ప్రకాశం జిల్లా చందవరంలో దొంగలెత్తుకెళ్లిన బౌద్ధ శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో న్యూయార్క్ డీలర్ దగ్గర కొనుక్కుంది. 2016లో వెనక్కి ఇచ్చింది. ఎలా ఇచ్చిందంటే, అది చందవరంలో ఉన్నప్పటి ఫోటోలు దొరికాయి కాబట్టి. ఫోటో లేకపోతే ఏ మ్యూజియమైనా డీలర్ చూపించిన కాగితాలే నిజమంటుంది, మనం ఏడ్చి మొత్తుకున్నా అంతే.

ఆస్ట్రేలియా 1986 చట్టం ప్రకారం, వేరే దేశం నుంచి అక్రమంగా బయటికొచ్చిన సాంస్కృతిక వస్తువును దిగుమతి చేసుకోవడం చట్టవిరుద్ధమే, కానీ వెనక్కి ఇవ్వాలంటే ఆ దేశ ప్రభుత్వం అడగాలి. పురాతన వస్తువుల అక్రమ రవాణాను అడ్డుకోవడానికి అమెరికాతో మనకు 2024 జూలైలో ఒప్పందం కుదిరింది, మంచిదే. అయినా పోయిందని మనకే తెలియని బొమ్మ కోసం ఎవరు అడుగుతారు?

మా ఊరి గుడి వెనక చెట్టుకింద ఒక విరిగిన నాగశిల ఉంది. మా నాయనమ్మ ప్రతి నాగులచవితికీ దానికే పాలు పోసేది. దానికి నంబరు లేదు, కొలత లేదు, ఫోటో లేదు. రేపు పోతే పోలీసులకి ఏం చూపించాలి?

మేం అడిగేది ఒక్కటే. మీ పరిధిలోని సైట్ మ్యూజియంలలో (శిల్పాలు దొరికిన చోటే పెట్టిన మ్యూజియంలు), గుళ్లలో ఉన్న ప్రతి శిల్పం ఫోటో, కొలతలు 6 నెలల్లో ఆన్‌లైన్‌లో పెట్టండి. ఫోటోలు తీయడానికి మనుషులు లేరంటే చెప్పండి, మా కుర్రాళ్లు ఫోన్లతో వస్తారు.

జవాబు మాత్రం ఇక్కడే, అందరికీ కనపడేలా ఇవ్వండి.