పారాదీప్ కేబుల్ తెగిన రోజు మాకు కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది? కేంద్ర విద్యుత్ మంత్రి గారికి అండమాన్ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి మనోహర్ లాల్ గారికి నమస్కారమండి.

ఒడిశాలోని పారాదీప్ నుంచి అండమాన్‌కి సముద్రం అడుగున కరెంటు కేబుల్ వేసే ప్లాన్ గురించి రాస్తున్నా. సుమారు 1,150 కిలోమీటర్లు, 320 కేవీ డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) లైను, 250 మెగావాట్లు అంటున్నారు. నేను దీనికి వ్యతిరేకం కాదు, ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఈ రోజుల్లో ఒక ప్రశ్న అడిగితే చాలు వీడికి అభివృద్ధి ఇష్టం లేదు అనేస్తారు. తెలుగులో ఎందుకు రాస్తున్నావు, మంత్రి గారికి అర్థమవుతుందా అని మావాళ్లే అడిగారు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది ఇంట్లో తెలుగే, సిక్కోలు, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, ముందు వాళ్లు చదవాలి, మీ దగ్గర హిందీలో చెప్పేవాళ్లు ఎలాగూ ఉంటారు కదా.

మా పరిస్థితి మీకు తెలిసిందే. మెయిన్‌ల్యాండ్ గ్రిడ్‌తో మాకు సంబంధం లేదు, షిప్పులో డీజిల్ రావాలి, జనరేటర్లు తిరగాలి, అప్పుడు ఫ్యాను తిరుగుతుంది. డిగ్లిపూర్ దగ్గర కల్పాంగ్ నది మీద 5.25 మెగావాట్ల చిన్న హైడల్ ఉంది, పోర్ట్‌బ్లెయిర్ పక్కన (కాగితాల మీద ఇప్పుడు శ్రీ విజయపురం, మా నోట్లో ఇంకా పాత పేరే) 20 మెగావాట్ల సోలార్, దానికి బ్యాటరీ ఉన్నాయి, మిగతాదంతా దాదాపు డీజిలే. యూనిట్ తయారీకి అయ్యే ఖర్చు మేము కట్టే బిల్లుకి కొన్ని రెట్లు, ఆ తేడా కేంద్రమే భరిస్తోంది. కాబట్టి కేబుల్ వస్తే ఢిల్లీకి డబ్బు మిగులుతుంది, మాకు పొగ తగ్గుతుంది, అంతవరకు లెక్క బాగానే ఉంది.

నా భయమల్లా ఒక్కటే సార్. కేబుల్ వచ్చేసింది కదా ఇంక డీజీ సెట్లు (డీజిల్ జనరేటర్లు) ఎందుకు అని తీసి పారేస్తారేమో, ఆ తర్వాత ఆ ఒక్క కేబుల్ తెగితే పరిస్థితి ఏంటి?

ఇదేదో ఊహించి చెప్తున్నది కాదు. ఆస్ట్రేలియాకి కింద టాస్మానియా అని దీవి ఉంది, 2006 నుంచి మెయిన్‌ల్యాండ్‌తో బాస్‌లింక్ అనే కేబుల్ కలిపి ఉంది, సముద్రంలో 290 కిలోమీటర్లు. 2015 డిసెంబర్ 20న అది పాడైంది. ఎక్కడ పాడైందో పట్టుకుని, షిప్పు తెచ్చి, పైకి లాగి, కోసి, కొత్త ముక్క అతికి మళ్లీ కరెంటు పంపేసరికి 2016 జూన్ వచ్చింది, అంటే దాదాపు ఆరు నెలలు. ఆ ఏడు వానల్లేక డ్యాముల్లో నీళ్లు కూడా అడుగంటాయి, చివరికి వందల కొద్దీ డీజిల్ జనరేటర్లు అద్దెకి తెచ్చి తిప్పుకున్నారు. అక్కడ సముద్రం లోతు ఎంతనుకున్నారు, ఎనభై మీటర్ల లోపు! ఇప్పుడు వాళ్లు రెండో కేబుల్ ప్లాన్ చేసుకుంటున్నారు, మారినస్ లింక్ అని, సముద్రంలో 255 కిలోమీటర్లు, ఒడ్డెక్కాక భూమి లోపల ఇంకో 90. ఒక దెబ్బ తిన్నాక నేర్చుకున్న పాఠం అది, మనం ఫ్రీగా నేర్చుకోవచ్చు.

మరి బంగాళాఖాతం సగటు లోతే రెండున్నర వేల మీటర్ల పైన. ఇంటర్నెట్ ఫైబర్ కేబుల్ చెన్నై నుంచి వేశారుగా, 2020 ఆగస్టులో ప్రధాని గారు ప్రారంభించారుగా, ఇదీ అంతే అంటారు చాలామంది. అంతే కాదండి. ఫైబర్ లోతు నీళ్లలో వేలి మందం ఉంటే సరిపోతుంది. కరెంటు కేబుల్లో రాగి గానీ అల్యూమినియం గానీ తీగ, దాని మీద ఇన్సులేషన్, నీళ్లు చొరబడకుండా సీసం పొర, ఆపైన ఇనుప తీగల కవచం, మీటరుకే పదుల కిలోలు. షిప్పు నుంచి అడుగు దాకా వేలాడే కేబుల్ బరువంతా పైన పట్టుకున్న చోటే పడుతుంది, లోతు పెరిగేకొద్దీ దాని బరువుకి అదే తెగే ప్రమాదం. ఇటలీ వాళ్లు సార్డీనియాకి 1,600 మీటర్ల లోతులో వేశారు, సిసిలీ వైపు కొత్తగా వేస్తున్న టిరేనియన్ లింక్ 2,100 మీటర్లు దాటింది, దాన్నే ప్రపంచ రికార్డు అంటున్నారు. పొడవు చూసినా బ్రిటన్ డెన్మార్క్ మధ్య వైకింగ్ లింక్ 765 కిలోమీటర్లు, మనది అంతకంటే చాలా ఎక్కువ. మన దేశంలో చూస్తే 2018లో ముంబై దగ్గర ఎలిఫెంటా దీవికి సముద్రం కింద ఏడున్నర కిలోమీటర్లు వేశాం, 2021లో పుగలూర్ త్రిశ్శూర్ లైనులో ఇదే 320 కేవీ డీసీని కొంత దూరం భూమి లోపల నడిపించాం. అక్కణ్ణుంచి ఒక్కసారిగా 1,150 కిలోమీటర్ల సముద్రానికి దూకుతున్నాం. దూకండి, వద్దనను, కానీ ఎవరు సర్వే చేశారు, ఏ లోతు వచ్చింది, అంత లోతుకి కేబుల్ చేసి ఇస్తానన్న కంపెనీ ఉందా, ఇవన్నీ టెండర్‌కి ముందే బయట పెట్టండి.

భూకంపాల సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. భూకంపాల ప్రమాదం బాగా ఎక్కువున్న ప్రాంతం మాది. 2004 డిసెంబర్ 26న దక్షిణ అండమాన్ సుమారు మీటరు కుంగింది, సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన సముద్రం మళ్లీ పోలేదు, అదే రోజు డిగ్లిపూర్ వైపు నేల పైకి లేచి పగడాల దిబ్బలు ఎండలో తేలాయి. సరిగ్గా రెండేళ్లకి అదే తారీఖున తైవాన్ దగ్గర భూకంపం వచ్చింది, సముద్రం అడుగున బురద కొండచరియల్లా జారి వరసగా తొమ్మిది టెలిఫోన్ కేబుళ్లని తెంచేసింది, బాగుచేయడానికి ఏడు వారాలు పట్టింది. మన బంగాళాఖాతం అడుగున గంగా బ్రహ్మపుత్రలు తెచ్చి పోసిన బురద మేట ప్రపంచంలోనే పెద్దది, అందులో కాలవలు కూడా ఉన్నాయి, పారాదీప్ రూటు వాటిని దాటాలి. మ్యాపు మీద కొలిస్తే వైజాగ్ నుంచైనా పోర్ట్‌బ్లెయిర్‌కి పెద్ద తేడా లేదు, ఓ అరవై డెబ్బై కిలోమీటర్లు ఎక్కువేమో. వైజాగ్ నుంచే వేయండి అని నేననట్లేదు (మావాళ్లు అంటారు, వాళ్ల ఊరు కదా మరి!), పారాదీప్ ఎందుకు ఎంచుకున్నారో ఆ పోలిక కాగితం చూపించమంటున్నా.

ఒడ్డెక్కాక పని ఇంకా ఉంది. డీసీ కరెంటుని మన ఇళ్లలో వాడే ఏసీగా మార్చే కన్వర్టర్ స్టేషన్‌కి ఎకరాలు కావాలి, ఇక్కడ అడవి కాని నేల తక్కువ, సునామీ నీళ్లు వచ్చిన పల్లంలో కడితే మొదటికే మోసం. అక్కణ్ణుంచి రంగత్, మాయాబందర్, డిగ్లిపూర్‌కి కరెంటు ఎలా వెళ్తుంది? జార్వా ఆదివాసీల రిజర్వ్ మధ్యలోంచి స్తంభాలు పాతుకుంటూ పోతారా? ఆ రిజర్వ్‌లోంచి పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు మూసేయమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పినా అది ఇంకా నడుస్తూనే ఉంది. తీరం వెంబడి సముద్రంలోనే చిన్న కేబుల్ నడిపే లెక్క కూడా వేయించండి. ఊళ్లో మాత్రం భూమి లోపలే వేయండి, హుద్‌హుద్ తర్వాత వైజాగ్‌లో అదే చేయాల్సొచ్చింది, ఇక్కడ గాలికి చెట్టు పడ్డమే కరెంటు పోవడం.

ఇంకోటి. 250 మెగావాట్లంటే మా ఇప్పటి వాడకానికి కొన్ని రెట్లు. మిగతాది ఎవరి కోసం సార్? గ్రేట్ నికోబార్ పోర్టు ప్రాజెక్టుకైతే అక్కడ వేరేగా 450 ఎంవీఏ (మెగావాట్ లాంటి కొలతే) కరెంటు ప్లాంటు అన్నారు. రేపు ఖర్చు పంచేటప్పుడు తక్కువ వాడే మా మీద ఎంత పడుతుంది, దేశమంతా పంచుకుంటుందా? నేను అడిగేది పెద్ద కోరికేం కాదు, అవసరం మేరకు డీజీ సెట్లు స్టాండ్‌బైలో ఉంచుతామని, ఆస్పత్రులకి, నీళ్ల పంపులకి కొన్ని నెలలు సరిపడా లోకల్ కరెంటు ఉండేలా సోలార్, బ్యాటరీ పెంచుతామని, కేబుల్ రిపేరు షిప్పుతో ముందే ఒప్పందం ఉంటుందని డీపీఆర్‌లోనే (ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదికలోనే) రాయండి. అలాంటి షిప్పులు ప్రపంచంలోనే కొన్ని, తెగాక ఫోన్ చేస్తే అవి ఏ సముద్రంలో ఉంటాయో.

పబ్లిక్ హియరింగ్ పెడితే జంగ్లీఘాట్ జెట్టీ దగ్గర కూడా ఒకటి పెట్టించండి, తెలుగులో, తమిళంలో, బెంగాలీలో. కేబుల్ ఒడ్డుకి చేరే చోట లంగరు వేయొద్దు, వల లాగొద్దు అంటారు, ఆ గీత ఎక్కడ పడుతుందో పడవల వాళ్లకే ముందు తెలియాలి, వాళ్ల వేట పోతే పరిహారం ఎవరిస్తారో కూడా. వేటకెళ్లే టైంలో కాకుండా, పడవలు ఒడ్డున ఉండే రోజు చూసి పెట్టించండి.

ఇట్లు,
పోర్ట్‌బ్లెయిర్ తెలుగువాడు